పాత బ్లాకు పొటాషియం

ఆ లాబులో పదకొండేళ్లుగా ఒక జోకు నడుస్తోంది. ఆవరణకి అవతల ఉన్న పాత బ్లాకు నుంచి వచ్చే రక్తంలో పొటాషియం ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. ఎందుకని ఎవరూ అడగలేదు. కొత్తగా చేరిన డాక్టరెవరైనా కంగారుపడి ఫోన్ చేస్తే, "అది పాత బ్లాకు పొటాషియం సార్, కాస్త తగ్గించి చదువుకోండి," అని ఇక్కడివాళ్లు నవ్వేవాళ్లు. ఆ బ్లాకు నల్లుల్ని పట్టి పరీక్ష చేసినా అంతే వస్తుందని ఒకడి చమత్కారం. నెల తిరిగేసరికి ఆ కొత్త డాక్టరు తగ్గించి చదవడమూ నేర్చుకునేవాడు, నవ్వడమూ నేర్చుకునేవాడు.

అందరికంటే గట్టిగా నవ్వే మనిషి గిరగిరక్క. రక్తం గొట్టాలని గిరగిరా తిప్పి కిందికి ఎర్రటి గడ్డ, పైకి తేట విడగొట్టే మిషను దగ్గర ఇరవై రెండేళ్లుగా నిలబడ్డందుకు ఆ పేరు వచ్చింది. ఆవిడ నోరు కూడా ఆ మిషను లాంటిదే, ఒకసారి తిరగడం మొదలుపెడితే దానంతట అది ఆగాలి తప్ప మనం ఆపలేం. సొంత పేరు హాజరు పట్టీ మీద మాత్రమే ఉంది.

ఆ ఏడు జ్వరం వచ్చింది. వైరస్ జ్వరం. మూడు రోజులు ఒళ్లు నొప్పులు, నాలుగో రోజు నుంచి ఊపిరి అందదు. పై అంతస్తులో ఊపిరి మిషన్లున్న మంచాలు పది, కింద రెండు బ్లాకుల్లో పడుకున్న రోగులు అరవై పైచిలుకు. మొదటి వారం ఎవరికి పెద్దవాళ్ల ఫోను వస్తే వాళ్లే పైకి వెళ్లారు. పెద్ద డాక్టరు అది చూసి భరించలేక రంగుల లిస్టు పెట్టించాడు. రోజూ పొద్దున్నే అందరికీ రక్తం తీస్తారు. ఐదు అంకెలు వస్తాయి. కంప్యూటరు వాటికి మార్కులు వేసి కూడుతుంది. నాలుగు దాకా ఆకుపచ్చ, వార్డులోనే కోలుకుంటారు. ఐదు నుంచి ఏడు పసుపు, పైకి పంపితే బతుకుతారు, పంపాలి. ఎనిమిదీ ఆపైన ఎరుపు, పైకి పంపినా నిలవరు, ఆ మంచం ఇంకొకరికి ఇవ్వాలి. పొద్దున పదకొండింటికి లిస్టు మూసేస్తారు. "రక్తానికి సిఫారసు తెలీదు," అన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాట గిరగిరక్కకి ఎంత నచ్చిందంటే ఇంటికెళ్లి మొగుడికి నాలుగుసార్లు చెప్పింది.

అంతా బాగానే ఉంది, పిన్ని మంచాన పడేదాకా.

పిన్ని ఆ ఆసుపత్రి కుట్టు గదిలో పని చేస్తుంది. జ్వరం రోజుల్లో డాక్టర్ల గౌన్లకి నాడాలు కుట్టీ కుట్టీ చివరికి ఆ జ్వరాన్నే తెచ్చుకుంది. ఆవిడ భర్త బాబాయ్. ఆసుపత్రి మొత్తానికీ ఆయన బాబాయే. కొత్త బ్లాకు లాబుకి ఆనుకునే ఉంది, అక్కడి గొట్టాలు నర్సులే కిటికీలోంచి అందిస్తారు. పాత బ్లాకు గొట్టాల పెట్టె మాత్రం ఆవరణ దాటించి బాబాయ్ మోసుకొస్తాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా ఉంటాడు, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు నడుస్తాడు. పిన్నిని పాత బ్లాకులో తొమ్మిదో మంచం మీద చేర్చారు. వార్డులోకి ఎవరినీ రానివ్వరు కాబట్టి, పెట్టె తీసుకోవడానికి వెళ్లినప్పుడు తలుపు అద్దంలోంచి చూడటమే ఆయనకి మిగిలిన కాపురం.

చేరిన మర్నాడు పిన్ని రక్తానికి తొమ్మిది వచ్చింది.

గిరగిరక్క తెర వైపు రెండుసార్లు చూసింది. మూడోసారి కళ్లజోడు తుడుచుకుని చూసింది. నాలుగు అంకెలు ఫరవాలేదు. ఐదోది, ఎల్‌డీహెచ్ అనేది, ఆకాశంలో ఉంది. ఒంట్లో ఎక్కడ కణాలు చితికినా అది రక్తంలోకి కారుతుంది. ఈ జ్వరంలో ఊపిరితిత్తులు చితుకుతాయి, అందుకే లిస్టులో దానికి అన్నిటికంటే ఎక్కువ, ఏకంగా నాలుగు మార్కులు. పిన్నికి నాలుగుకి నాలుగూ పడ్డాయి. గొట్టం తీసి వెలుతురుకి పట్టి చూసింది. ఎండుగడ్డి రంగులో ఉండాల్సిన తేట లేత గులాబీ రంగులో ఉంది. పాత బ్లాకు గొట్టాలు చాలావరకు అలాగే ఉంటాయి. ఎప్పటిలాగే పక్క గడిలో 'తేట గులాబీ' అని కొట్టి రిపోర్టు పంపేసింది. పంపేసిన తర్వాత చెయ్యి మిషను మీద నుంచి తీయలేదు.

పదకొండు దాటాక బాబాయ్ ఖాళీ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మంచం కాళ్ల దగ్గర ఎర్ర క్లిప్పు పెట్టారమ్మాయ్," అన్నాడు.

ఎరుపంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లిస్టు పెట్టిన ఈ తొమ్మిది రోజులూ పెట్టె మోసినవాడు. ఏ రంగు క్లిప్పున్న మంచం మీద ఎప్పుడు దుప్పటి మారుస్తున్నారో చూస్తూనే ఉన్నాడు.

"రేపు మళ్లీ తీస్తారు కదా బాబాయ్."

"రేపటి రక్తం బాగుంటే రంగు మారుతుందా?"

"మారొచ్చు."

"అయితే రేపు జాగ్రత్తగా తెస్తాలే," అన్నాడు, ఏదో తన చేతిలో పనే అయినట్టు. కళ్లు తుడుచుకోకుండానే వెళ్లిపోయాడు. గిరగిరక్క చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. పిన్నితో కలిసి తాగిన టీలెన్నో, విన్న బూతు సామెతలెన్నో. నిరుడు ఆ జేబు చిరిగితే పిన్ని కుట్టి ఇచ్చి, లోపల ఎర్రదారంతో చిన్న నోరు బొమ్మ కుట్టింది. "నీ నోరు జేబులో పెట్టుకో ఇక," అంది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లాక గిరగిరక్క తొమ్మిది రోజుల కాగితాలూ ముందేసుకుంది. కొత్త బ్లాకులో యాభై మంది చిల్లర, అందులో ఎరుపు వచ్చినవాళ్లు ముగ్గురు. పాత బ్లాకులో ఇరవై నాలుగు మంది, ఎరుపు పదకొండు. ఆ పదకొండు మందికీ పక్క గడిలో తన చేత్తోనే కొట్టిన మాట ఉంది, తేట గులాబీ, తేట గులాబీ.

కాగితాలు పట్టుకుని లాబు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లింది. ఆయన మంచివాడే. కానీ పనికి అడ్డొచ్చే మంచితనం ఆయన దగ్గర ఎప్పుడూ లేదు.

"పాత బ్లాకుకి ఎవరొస్తారమ్మా? డబ్బులేనివాళ్లు. ముదరబెట్టుకుని వస్తారు. ఎరుపు రాక ఏమొస్తుంది?"

"మరి గులాబీ తేట సంగతేంటి సార్? అలాంటివి వెనక్కి పంపేవాళ్లం కదా ఇదివరకు."

"పంపితే రోగికి మళ్లీ పొడవాలి, వార్డు నుంచి నాకు తిట్లు. నోటు పెట్టి పంపమన్నాను, పెడుతున్నావుగా."

"ఆ నోటు లిస్టులోకి వెళ్తోందా?"

ఇన్‌చార్జి తెర తిప్పి చూపించాడు. లిస్టులో ఐదు అంకెలు, ఒక మొత్తం, ఒక రంగు. ఇంకే గడీ లేదు. తొమ్మిది రోజులుగా ఆవిడ కొట్టిన ప్రతి మాటా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"మరి పొటాషియం కూడా చూడండి సార్, ప్రతిదాంట్లోనూ..."

"అది పాత బ్లాకు పొటాషియం కదమ్మా," అని ఇన్‌చార్జి నవ్వాడు. గిరగిరక్కకి ఆ జోకు విని నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. రక్తకణం పగిలితే దానిలోంచి పొటాషియం కారుతుంది. ఎల్‌డీహెచ్ కూడా కారుతుంది. అది ఒంట్లో పగిలిందో గొట్టంలో పగిలిందో మిషనుకి ఏం తెలుసు? ఇన్నాళ్లూ మనుషులు చదివారు కాబట్టి తగ్గించి చదువుకున్నారు. ఇప్పుడు చదివేది కంప్యూటరు. దానికి జోకు తెలీదు.

అయితే కణాలు పగలగొడుతున్నది ఎవరు?

గిరగిరక్కకి అనుమానం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. సూది. మొరటుగా లాగితే కణాలు పగులుతాయి. పాత బ్లాకులో రక్తం తీసేది ఒక్కపోటు సిస్టర్. ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంటుందని ఆ పేరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకుంది గిరగిరక్క, పళ్లు కొరుకుతూ. రేపు పొద్దున్నే వెళ్లి ఆ పోటేదో కళ్లారా చూసి, అక్కడే కడిగిపారేయాలని నిశ్చయించుకుంది.

మర్నాడు తొమ్మిదికి పది నిమిషాల ముందే గౌను, ముసుగు తొడుక్కుని పాత బ్లాకులో నిలబడింది. ఒక్కపోటు సిస్టర్ ఆవిడని ఎగాదిగా చూసింది.

"ఏంటక్కా, మిషను వదిలేసి వచ్చావు? అది ఏడవదూ?"

"నీ చెయ్యి చూసిపోదామని వచ్చాను."

"జాతకం చెబుతావా? చెప్పు, బదిలీ ఎప్పుడు?"

వార్డులో పధ్నాలుగు మంచాలు. సిస్టర్ వరసగా తీసుకుంటూ వచ్చింది. పట్టీ కట్టి, వేలితో తడిమి, తడిసిన దూది ఆరేదాకా ఆగి, అప్పుడు సూది. గొట్టం తనంతట తాను నిండేదాకా లాగకుండా, తొయ్యకుండా పట్టుకుంది. ఊదామూత గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ వంచింది. దాంట్లో రక్తం గడ్డకట్టకుండా మందుంటుంది, అది కలవాలి. ఎర్రమూత గొట్టాన్ని ముట్టుకోకుండా స్టాండులో నిలబెట్టింది. దాంట్లో గడ్డకట్టాలి, కదపకూడదు. గిరగిరక్క తప్పు పట్టడానికి కళ్లు కాయలు కాసేలా చూసింది. తప్పు లేదు. తను నేర్చుకున్న రోజుల్లో కూడా ఇంత శుభ్రంగా ఎవరూ తీయలేదు. తెచ్చుకున్న తిట్లన్నీ అలాగే నోట్లో ఉండిపోయాయి.

తొమ్మిదో మంచం దగ్గర పిన్ని ఆక్సిజన్ ముసుగులోంచి కళ్లు తెరిచింది. గిరగిరక్క గౌను నాడా వైపు వేలు చూపించింది. మాటకీ మాటకీ మధ్య మూడేసి ఊపిర్లు.

"ఆ ముడి... నేనైతే... అలా వేయను."

"లేచి వెయ్యి మరి," అంది గిరగిరక్క. పిన్ని కళ్లు నవ్వాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. మంచం కాళ్ల దగ్గర ఎర్ర క్లిప్పు ఉంది.

తొమ్మిదీ పదికి బాబాయ్ తలుపు దగ్గర పెట్టె తీసుకున్నాడు. అద్దంలోంచి ఒకసారి లోపలికి చూసి, వెనక్కి తిరిగి చరచరా నడిచాడు. గిరగిరక్క ముసుగు విప్పేసి, చేతులు కడుక్కుని, పది అడుగుల వెనక బయల్దేరింది. సూది కాకపోతే దారి. ఎండలో పెడుతున్నాడా? టీ తాగడానికి ఆగుతున్నాడా?

బాబాయ్ ఎక్కడా ఆగలేదు. ఆవరణ సగం దాటాక, నీళ్ల ట్యాంకు నీడలో మాత్రం పెట్టె అరుగు మీద పెట్టి మూత తీశాడు. నాలుగు గొట్టాలు ఒక గుప్పిట్లో, నాలుగు ఇంకో గుప్పిట్లో పట్టుకున్నాడు. మూతల రంగు చూడలేదు. దగ్గు మందు సీసా ఊపినట్టు గబగబా ఊపడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. ఇరవై ఊపులు. పెట్టి, ఇంకో ఎనిమిది తీశాడు. మళ్లీ ఇరవై. చివరికి ఒక్క ఎర్రమూత గొట్టాన్ని విడిగా తీసి, పేరు చీటీ మీద వేలు పెట్టి చూసుకుని, రెండు చేతుల మధ్య పెట్టి ఊపాడు. నలభై లెక్కపెట్టాడు.

"బాబాయ్!"

ఆయన ఉలిక్కిపడి, గొట్టాన్ని గుండెకి ఆనించుకున్నాడు.

"ఏంటి బాబాయ్ అది? ఏం చేస్తున్నావు?"

"కలుపుతున్నానమ్మాయ్."

"ఎవరు కలపమన్నారు?"

బాబాయ్ ఆవిడ మొహం చూసి ఇది పరాచికమేమో అనుకున్నాడు. "నువ్వే కదా! నేను చేరిన కొత్తల్లో. గడ్డలు కట్టిన గొట్టాలు తెచ్చానని నిన్ను డాక్టరు తిడితే, నువ్వు కిటికీ దగ్గరికొచ్చి నన్ను తిట్టలేదూ? 'బాబాయ్, తెచ్చేటప్పుడు బాగా కలిపి తీసుకురా, ఇంకోసారి గడ్డ కడితే ఊరుకోను' అన్నావు. పదకొండేళ్లమ్మాయ్, ఒక్కపూట మానలేదు. ఇవాళ మీ పిన్నిదైతే రెండింతలు కలిపాను."

గిరగిరక్క అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ రోజు ఆవిడ చెప్పింది ఊదామూత గొట్టాల గురించి. మెల్లగా వంచమని. కానీ ఆ మాట నోట్లోంచి రాలేదు. ఊదా అనలేదు, మెల్లగా అనలేదు. తిట్లు తిన్న ఉక్రోషంలో 'బాగా కలుపు' అంది. అని, మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. ఆ తర్వాత పాత బ్లాకు నుంచి ఊదామూత గొట్టం ఒక్కటీ గడ్డకట్టి రాలేదు. ఎందుకని తను అడగలేదు. పొటాషియం పెరిగింది. అదీ అడగలేదు, నవ్వింది.

గడియారం తొమ్మిదీ పాతిక.

మళ్లీ తీయాలి. అరగంట గడ్డకట్టనివ్వాలి, పది నిమిషాలు తిప్పాలి, పరీక్ష మిషను పావుగంట తీసుకుంటుంది. లిస్టు పదకొండుకి. ఇవాళ పైన ఖాళీ అయినవి రెండు మంచాలు.

"ఆ పెట్టె ఇక్కడే ఉంచు. నువ్వు కదలకు," అని వెనక్కి పరిగెత్తింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఎత్తు మడమల చెప్పులతో. సంగతి విని ఒక్కపోటు సిస్టర్ ట్రే పట్టుకుని గుమ్మంలో ఆగింది.

"ఒక్క పిన్నిదేనా అక్కా? అందరివీనా?"

ఎంత చిన్న ప్రశ్న! పిన్నిది ఒక్కటే తీస్తే ఐదు నిమిషాల పని. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, గొట్టం పగిలిందని చెబితే సరిపోతుంది. పిన్ని అంకె తగ్గుతుంది, పసుపులో పడుతుంది, మంచం దొరుకుతుంది. మిగతా పదమూడు మందీ గులాబీ తేటలతోనే ఉండిపోతారు. గిరగిరక్క నోరు తెరిచింది. అన్ని మాటలూ తెలిసిన ఆ నోట్లోంచి వచ్చింది ఒక్క మాట.

"అందరివీ," అంది.

సిస్టర్ ట్రేతో వెనక్కి తిరిగింది. రెండోసారి పొడిచినందుకు ఒకరిద్దరు మూలిగారు, ఒకాయన తిట్టాడు కూడా. తొమ్మిదీ నలభై ఎనిమిదికి పధ్నాలుగు ఎర్రమూత గొట్టాలు స్టాండులో నిలబడ్డాయి. స్టాండుని రెండు చేతుల్తో పట్టుకుని గిరగిరక్కే మోసింది. పరిగెత్తాలని కాళ్లు పీకుతున్నాయి, పరిగెత్తకూడదు. ఆవరణ అంత పొడుగుంటుందని ఆవిడకి ఇరవై రెండేళ్లలో తెలీదు. ట్యాంకు నీడలో బాబాయ్ పెట్టె పక్కన నిలబడే ఉన్నాడు. ఆవిడ ఆయన్ని దాటుకుని మెల్లగా వెళ్లిపోయింది.

లాబులో ఇన్‌చార్జి అడ్డం పడ్డాడు. మిషనులో కొత్త బ్లాకు గొట్టాలు ముప్పై వరసలో ఉన్నాయి. డాక్టరు ఆర్డరు లేకుండా ఒకే రోజు రెండోసారి పరీక్ష కుదరదు. అంతా విన్నాక ఆయన గొంతు తగ్గించాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వార్డువాళ్లే అడగట్లేదు."

"వాళ్లకి తెలిస్తే కదా సార్ అడగడానికి. తెలిసింది నాకు. ఈ గొట్టాలు ముందు పెట్టనివ్వండి. లేదంటే పైకి వెళ్లి పెద్ద డాక్టరుగారి ముందు నిలబడి అరుస్తాను. నా నోరు మీకు తెలుసు."

ఆయనకి తెలుసు. నుదురు రుద్దుకున్నాడు. "సరే, కారణం గడి నింపు. అది ఖాళీగా ఉంటే మిషను తీసుకోదు. 'మోసుకొచ్చిన మనిషి పొరపాటు' అని కొట్టు, అయిపోతుంది."

అయిపోతుంది. బాబాయ్ కాంట్రాక్టు మనిషి, సాయంత్రానికల్లా తీసేస్తారు. రేపటి నుంచి పిన్నిని చూసుకోవడానికి ఆ తలుపు అద్దం కూడా ఉండదు. గిరగిరక్క కూర్చుని రెండు వేళ్లతో కొట్టింది. 'పదకొండేళ్ల క్రితం గొట్టాలు ఊపి తెమ్మని తప్పుగా చెప్పినది నేను.' కింద హాజరు పట్టీ మీద తప్ప ఎక్కడా కనపడని తన పేరు పూర్తిగా కొట్టింది. ఇన్‌చార్జి భుజం మీద నుంచి చదివి, కొత్త బ్లాకు గొట్టాల వరసలో వీటికి ముందు చోటిప్పించాడు.

పదీ ఇరవైకి గొట్టాలు తిరగడం మొదలైంది. మిషను ఆగాక మూత తెరిచి ఒక్కో గొట్టం పైకి తీసింది. ఎండుగడ్డి రంగు, పధ్నాలుగు గొట్టాల్లో. పాత బ్లాకు నుంచి అంత తేటైన తేట ఆవిడ చూసి పదకొండేళ్లయింది. అన్నిటినీ వరసగా పరీక్ష మిషనులో పెట్టింది.

పదీ యాభై మూడుకి అంకెలు వచ్చాయి. పొటాషియం పధ్నాలుగు మందికీ మామూలే. నిన్నటిదాకా ఎరుపులో ఉండి, ఇంకా బతికున్నవాళ్లు నలుగురు. రెండో మంచానికి తొమ్మిది, నిజంగానే ఎరుపు. ఆరో మంచానికి ఏడు. పదకొండో మంచానికి ఏడు. పిన్నికి ఆరు.

ఆరు! పసుపు! గిరగిరక్క బల్ల మీద చరిచింది. ఆ చెయ్యి అలాగే బల్ల మీద ఆగిపోయింది. పసుపులో పెద్ద అంకె ముందు వెళ్లాలి, లిస్టు నియమం అది. కొత్త బ్లాకు పసుపులన్నీ ఐదులే. ఉన్నవి రెండు మంచాలు. పిన్ని మూడోది.

లిస్టు మూశాక పెద్ద డాక్టరు కబురు పంపాడు. కారణం గడిలో ఉన్నది చదివి ఉన్నాడు. గిరగిరక్క తొమ్మిది రోజుల కాగితాలూ బల్ల మీద పెట్టింది.

"ఎరుపు వచ్చినవాళ్లు ఎంతమంది?"

"పాత బ్లాకులో పదకొండు సార్. నలుగురున్నారు. ఏడుగురు లేరు."

ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. "వాళ్లు ఎలాగైనా పోయేవాళ్లేమో."

"అయ్యుండొచ్చు సార్. మనకి తెలీదు."

"నోటు గడి పెట్టనివాణ్ని నేను," అన్నాడు ఆయన. "తేట గులాబీగా ఉంటే రంగు వేయొద్దని ఇవాళే రాయిస్తాను. ఈ ఏడుగురి సంగతీ రాయాలి. నీ పేరూ ఉంటుంది, నాదీ ఉంటుంది."

"ఉండనివ్వండి సార్," అంది గిరగిరక్క. పాత బ్లాకు పొటాషియం గురించి కూడా చెబుదామనుకుంది. ఆయన కూడా ఎన్నోసార్లు నవ్వినవాడే. చెప్పకుండానే వచ్చేసింది.

మెట్ల దగ్గర బాబాయ్ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పసుపు వచ్చిందమ్మాయ్! సిస్టర్ క్లిప్పు మార్చింది, అద్దంలోంచి చూశాను. ఎప్పుడు తీసుకెళ్తారు పైకి?"

ఆవిడ చెప్పింది. అన్నీ చెప్పింది, ఊపడం గురించి, పోయిన ఏడుగురి గురించి, రెండు మంచాల గురించి, ఆరో మంచం, పదకొండో మంచం గురించి. చెబుతున్నకొద్దీ ఆ మొహంలో వెలుగు తగ్గింది.

"మీ పిన్నిది ఒక్కటే తీయించి ఉంటే?"

"పైకి వెళ్లేది."

"తెలిసే అందరివీ తీయించావా?"

"అంకెలు ఇలా వస్తాయని తెలీదు. రావచ్చని తెలుసు."

"అది కుట్టిన జేబే కదమ్మా నీ కోటుకి!" అన్నాడు బాబాయ్. "నీ సొంత అమ్మయితే ఇలాగే చేసేదానివా?"

"తెలీదు బాబాయ్," అంది గిరగిరక్క. నిజంగానే తెలీదు. ఆయన పెట్టె మెట్ల మీద వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున బాబాయ్ వచ్చాడు కానీ పెట్టె ముట్టుకోలేదు. పాత బ్లాకు తలుపు దగ్గర గోడకి ఆనుకుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"నేను పట్టుకోనమ్మాయ్. ఇంకెవరినైనా చూసుకో."

"ఇంకెవరికైనా మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. నేను చెప్పడం ఎలా ఉంటుందో చూశావుగా," అంది గిరగిరక్క. ఆయన నవ్వలేదు. ఆవిడ నవ్వించాలనీ అనలేదు. స్టాండు తీసి ఆయన ముందు పట్టుకుంది. "ఊదామూతవి సిస్టరే వంచి ఇస్తుంది. నువ్వు వంచక్కర్లేదు, ఊపక్కర్లేదు, పరిగెత్తక్కర్లేదు. నిలబెట్టి పట్టుకుని నడువు. అంతే."

తొమ్మిదిన్నరైనా గొట్టాలు రాలేదు. ఇన్‌చార్జి గుమ్మంలోకి వెళ్లి, "ఏమయ్యా, పెళ్లినడకా? త్వరగా రా!" అని కేకేశాడు. ఆవరణ మధ్యలో బాబాయ్ ఒక్కో అడుగూ చూసుకుని వేస్తున్నాడు. "మెల్లగానే రానివ్వండి సార్," అంది గిరగిరక్క వెనక నుంచి. ఆ గొంతు విని ఆయన తప్పుకున్నాడు.

గొట్టాలు తిరిగి ఆగాయి. తేట ఎండుగడ్డి రంగులోనే ఉంది. ఈసారి పిన్నికి ఏడు. ఒక్క రోజులో ఒక మెట్టు దిగజారింది. ఇంకొక్క మార్కు పడి ఉంటే మళ్లీ ఎరుపు, ఈసారి నిజమైన ఎరుపు. తెల్లవారుజామున పైన ఒక మంచం ఖాళీ అయింది. లిస్టులో మొదటి పేరు పిన్నిదే.

పదకొండున్నరకి ట్రాలీ ఆవరణ దాటింది. బాబాయ్ పక్కనే నడిచాడు. లిఫ్టు తలుపు దాకా రానిచ్చారు. పిన్ని వేలెత్తి వార్డు మనిషి గౌను ముడి వైపు ఏదో చూపించబోయింది, ఓపిక చాల్లేదు, చెయ్యి పడిపోయింది. ఆ చేతిని బాబాయ్ దుప్పటి కిందికి తోశాడు. తలుపులు మూసుకున్నాయి. నిలుస్తుందో లేదో ఇంక పైవాళ్ల పని, ఆవిడ ఓపిక.

మధ్యాహ్నం ఆయన లాబులోకి వచ్చాడు. పదకొండేళ్లలో గుమ్మం దాటి లోపలికి రావడం అదే మొదలు. స్టూలు లాక్కుని గిరగిరక్క ఎదురుగా కూర్చున్నాడు.

"ఏడుగురు అన్నావు నిన్న."

"బాబాయ్, మాట నాది. చెయ్యి మాత్రమే నీది."

"అది తర్వాత. వాళ్లవి మంచాల నంబర్లు చదువు."

వద్దని చెప్పబోయి, ఆయన మొహం చూసి గిరగిరక్క కాగితం తీసింది.

"నాలుగు."

"టైమెంతయిందని అడిగేవాడు. అద్దంలోంచి గడియారం చూపించేవాణ్ని."

"పన్నెండు."

"పొడుగు జడ. బడిలో పంతులమ్మ."

"ఒకటి."

"అన్న వచ్చేవాడు, గేటు దగ్గర ఏడ్చేవాడు."

ఆవిడ చదువుతూ పోయింది, ఆయన చెబుతూ పోయాడు. ఆవిడకి తెలిసింది గులాబీ రంగు తేట ఒక్కటే. మనుషులెవరో ఆయనకి తెలుసు. ఏడో నంబరు మంచం దగ్గర మాత్రం ఆయన ఆగిపోయాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఒక్క రోజే ఉన్నాడు ఆ మనిషి.

"ఏడో మంచం," అని తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. "అడుగుతాను సిస్టర్ని."

పెట్టె తీసుకుని లేచాడు. మధ్యాహ్నం రక్తాలకి వేళయింది. గిరగిరక్క కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ట్యాంకు నీడలో బాబాయ్ అలవాటుగా ఆగాడు. చేతిలో పెట్టె ఖాళీదే. ఒక్క క్షణం నిలబడి, మళ్లీ నడక సాగించాడు.